డాక్టర్ గారి బండి.. సింగిల్ ఓనర్.. అనగానే నమ్మేస్తున్నారా? పాత ఎస్‌యూవీ, పికప్ అసలు విలువ ఇలా తేల్చుకోండి!

సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే ఏ కన్సల్టెన్సీకి వెళ్లినా ఓ నాలుగు మాటలు కచ్చితంగా వినిపిస్తాయి. ‘డాక్టర్ గారు వాడిన బండి సార్’, ‘సింగిల్ ఓనర్’, ‘ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు’, ‘మొత్తం షోరూం సర్వీసే’. తెలుగు రాష్ట్రాల్లోని డాక్టర్లంతా కలిసినా ఇన్ని ఇన్నోవాలు వాడి ఉండరేమో!

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఇల్లు తర్వాత మామూలు కుటుంబం పెట్టే పెద్ద ఖర్చు బండే. అదే ట్యాక్సీ నడిపేవాళ్లకో, కూరగాయలు వేసుకెళ్లే పికప్ ఓనర్‌కో అయితే అది ఖర్చు కాదు, బతుకుదెరువు. బండి షెడ్డులో పడుకున్నా ఫైనాన్స్ వాళ్ల కిస్తీ మాత్రం ఆగదు. అందుకే కొనేముందు తేల్చుకోవాల్సింది ‘ఏ కంపెనీ మంచిది?’ అని కాదు. ‘ఎదురుగా ఉన్న ఈ ఒక్క బండి ఇన్నాళ్లూ ఎలా బతికింది?’ అని.

పేరు ఒకటే.. బండి వేరు

మన దగ్గర కొన్ని పేర్లకు ఉన్న క్రేజ్ మామూలుది కాదు. 2000లో వచ్చిన బొలెరో పల్లెటూరి రోడ్లను ఏలేసింది. 2002లో స్కార్పియో వచ్చింది. క్వాలిస్ స్థానంలో 2005లో దిగిన ఇన్నోవా ట్యాక్సీ వాళ్లకు, పెళ్లిళ్లకు, రాజకీయ నాయకుల కాన్వాయ్‌లకు కూడా ఫేవరెట్ అయిపోయింది. ఈ పేరు ఊరికే రాలేదు. లక్షల కిలోమీటర్లు తిరిగినా నడుస్తున్న బండ్లు రోడ్డు మీద కళ్లకు కనిపిస్తున్నాయి కాబట్టే వచ్చింది.

అయితే చిక్కు ఇక్కడే ఉంది. పేరు అదే ఉంటుంది, లోపల బండి మారిపోతుంది. స్కార్పియోనే తీసుకోండి. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు క్రాష్ టెస్ట్ చేస్తే, పెద్దల రక్షణలో వచ్చింది సున్నా స్టార్లు. 2022లో అదే సంస్థ స్కార్పియో-ఎన్‌ను పరీక్షిస్తే పెద్దల రక్షణలో 5 స్టార్లు, పిల్లల రక్షణలో 3 స్టార్లు వచ్చాయి. రెండూ జనం నోట్లో ‘స్కార్పియో’నే. కానీ గుద్దుకున్నప్పుడు లోపలున్నవాళ్ల పరిస్థితి రెండింట్లో ఒకటి కాదు.

ఇన్నోవాదీ అలాంటి కథే. క్రిస్టా వరకు వచ్చినవన్నీ ల్యాడర్ ఫ్రేమ్ బండ్లు. అంటే కింద లారీకి ఉన్నట్టు బలమైన చట్రం ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్, థార్ అన్నీ ఈ బాపతే. 2022 చివర్లో పరిచయమైన ఇన్నోవా హైక్రాస్ మాత్రం మోనోకాక్. చట్రం, బాడీ కలిపి ఒకే ముక్కలా తయారవుతాయి. క్రెటా, నెక్సాన్, హారియర్, ఎక్స్‌యూవీ 700 కూడా ఇలాంటివే. గుంతల రోడ్లు, పొలం దారులు, బరువు లాగడం లాంటి పనులకు ల్యాడర్ ఫ్రేమ్ తట్టుకుంటుంది. హైవే మీద కుదుపులు తక్కువగా ఉండాలన్నా, మలుపుల్లో ఊగకుండా పోవాలన్నా మోనోకాక్ హాయి. వారానికోసారి ఊరెళ్లొచ్చే ఉద్యోగికి చట్రం బండి ఎందుకో.. అది ఇష్టం అంటే ఎవరూ కాదనలేరు కానీ, ‘గట్టిగా ఉంటుంది కాబట్టి సేఫ్’ అనుకుంటే మాత్రం పొరపాటు. రేకు మందంగా ఉండటం వేరు, ప్రమాదంలో మనిషి ప్రాణం నిలబడటం వేరు.

పాత బండి కొనేవాళ్లు ఇక్కడ కొన్ని తేదీలు గుర్తుపెట్టుకోవాలి. కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. ముందు సీట్లో పక్కన కూర్చునేవాళ్లకు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2022 మొదటి నుంచి. అంటే అంతకుముందు తయారైన బేస్ మోడల్‌లో అవి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ధర తక్కువైతే ఎందుకు తక్కువో అక్కడే తెలిసిపోతుంది. మన దేశానికే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్ 2023 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి పాత బండి మీద ‘ఫైవ్ స్టార్’ అని చెబితే, ఆ రేటింగ్ ఏ ఏడాది మోడల్‌కి, ఏ వేరియంట్‌కి వచ్చిందో అడగాలి.

మీటర్ అబద్ధం చెబుతుంది.. టైరు చెప్పదు

ఓడోమీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. డిజిటల్ మీటర్ కాబట్టి మార్చలేరు అనుకోవడం అమాయకత్వమే. ల్యాప్‌టాప్ తగిలిస్తే అంకెలు మారిపోతాయి. అందుకే మీటర్‌ని నమ్మకుండా, మీటర్ చెప్పింది నిజమో కాదో బండిలో మిగతా భాగాలను అడగాలి.

మొదట టైర్లు. టైరు పక్క భాగంలో నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. బండి 2019ది, మీటర్‌లో 35 వేల కిలోమీటర్లు, కానీ నాలుగు టైర్లూ 2023లో తయారైనవి అనుకుందాం. అంత తక్కువ తిరిగితే నాలుగు టైర్లూ ఎందుకు మార్చాల్సి వచ్చింది? కారణం ఉండొచ్చు. కానీ ఆ కారణం అమ్మేవాళ్ల నోటి నుంచి రావాలి. స్టెప్నీ టైరు కూడా చూడండి, చాలాసార్లు అసలు కథ దాని దగ్గరే దొరుకుతుంది.

తర్వాత బ్రేక్, క్లచ్ పెడళ్ల మీద రబ్బరు అరుగుదల. స్టీరింగ్ మీద చేతులు పెట్టే చోట మెరుపు. డ్రైవర్ సీటు కుంగిపోయి, పక్క సీటు మాత్రం బిగువుగా ఉంటే ఆ బండి ఎక్కువగా ఒక్క డ్రైవర్ చేతుల మీదే తిరిగిందన్నమాట. ట్యాక్సీగా తిరిగిన బండ్లను పన్ను కట్టి ప్రైవేటుకు మార్చుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. పసుపు బోర్డు తీసి తెల్ల బోర్డు పెట్టిన సంగతి దాచిపెట్టి, సొంత బండి ధర అడగడమే తప్పు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం సర్వీస్ రికార్డు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ ఇస్తే, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీస్ అయిందో కంప్యూటర్‌లో ఉంటుంది. ఓనర్‌ని వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే పని తేలిక. 2021లో 92 వేలు ఉన్న బండి ఇప్పుడు 68 వేలు చూపిస్తే ఇక మాట్లాడేదేం లేదు, వెనక్కి తిరిగి రావడమే. అన్నట్టు డీజిల్ ఎస్‌యూవీ కొనేదే ఎక్కువ తిరగడానికి. ఏడెనిమిదేళ్ల డీజిల్ బండి 40 వేలే తిరిగిందంటే సంతోషపడకండి, ముందు అనుమానపడండి.

వరద నీళ్లలో మునిగిన బండి కాదు కదా?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ ఎన్నో కాలనీల్లో బండ్లు నీట మునిగాయి. అలా మునిగిన బండి రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్ విలువలో 75 శాతం దాటితే కంపెనీలు దాన్ని ‘టోటల్ లాస్’ కింద లెక్కగట్టి డబ్బు చెల్లిస్తాయి. ఆ బండి తుక్కు ధరకు వేలంలో అమ్ముడుపోతుంది. కొన్నవాళ్లు కడిగి, ఆరబెట్టి, సీట్ కవర్లు మార్చి వేరే ఊళ్లో అమ్మకానికి పెట్టే ప్రమాదం ఉంది. మొదటి ఆరు నెలలు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి తుప్పు పట్టి ఒక్కో లైటు, ఒక్కో సెన్సర్ పోవడం మొదలవుతుంది. ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినా జబ్బు తెగదు.

పట్టుకోవడం ఎలా? సీటు బెల్టును చివరి వరకు బయటికి లాగండి. లోపలి కొసన బురద చార ఉంటే నీళ్లు అక్కడి దాకా వచ్చాయన్నమాట. కార్పెట్ ఒక మూల ఎత్తి చేతితో తడమండి. స్టెప్నీ పెట్టే గుంటలో ఇసుక, సీటు కింద రైలింగ్‌కు తుప్పు, హెడ్‌లైట్ అద్దం లోపల చెమ్మ గీతలు.. ఇవన్నీ గుర్తులే. ఎండాకాలంలో కూడా కారు నిండా సెంటు వాసన గుప్పుమంటుంటే అద్దాలు మూసి పది నిమిషాలు కూర్చోండి, కింద ముక్కిన వాసన ఉంటే బయటపడుతుంది.

చల్లారిన ఇంజిన్‌నే స్టార్ట్ చేయించాలి

బండి చూడటానికి వస్తున్నామని ఫోన్ చేస్తే, వెళ్లేసరికి ఇంజిన్ వేడెక్కించి ఉంచుతారు. అది తెలిసిన ట్రిక్కే. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే టీ తాగొచ్చి, చల్లారాకే సెల్ఫ్ కొట్టమనండి. అరిగిన ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దొరికిపోతుంది.

స్టార్ట్ అయ్యాక నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. నల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిల్ సరిగ్గా కాలడం లేదు. వేడెక్కాక కూడా తెల్ల పొగ పోకపోతే కూలెంట్ లోపలికి వెళ్తుందేమో చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున ఆవిరి కొట్టడం పిస్టన్ రింగులు అరిగాయనడానికి గుర్తు. అంటే బోరు పని దగ్గర్లోనే ఉంది. మూత లోపల పాల టీ రంగులో జిగురు ఉంటే ఆ బండికి ఓ దండం పెట్టేయండి.

ఇక కొత్త తరం డీజిల్ బండ్లకు ఇంకో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్‌-6 నిబంధనలు వచ్చాయి. పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టర్ డీజిల్ కార్లలో మామూలైపోయింది. హైవే మీద వేగంగా వెళ్లినప్పుడు వేడికి ఆ మసి కాలి శుభ్రమవుతుంది. రోజూ ఆఫీసుకు ఐదారు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో నడిపితే అది కాలే అవకాశమే రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. మార్చాలంటే ఖర్చు గట్టిగానే ఉంటుంది. కొందరు ఆ ఫిల్టర్‌ని తీసేయించి సాఫ్ట్‌వేర్ మార్పిస్తారు. అది చట్టవిరుద్ధం, అలాంటి బండి పొల్యూషన్ టెస్టులో ఇబ్బంది పెడుతుంది. సిటీలోనే తిరిగేవాళ్లు డీజిల్ ఎస్‌యూవీ కొనేముందు ఈ ఒక్క విషయం ఆలోచిస్తే చాలు, పెట్రోల్ వైపు చూస్తారు.

టెస్ట్ డ్రైవ్ సందు చివరి వరకు కాదు, కనీసం 20 నిమిషాలు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే మట్టి రోడ్డు మీద దాన్ని వేసి చూడాలి. చాలామంది ఏళ్ల తరబడి వాడకపోవడంతో అది పట్టేసి ఉంటుంది.

పికప్, లారీ లెక్కే వేరు

తెలంగాణలో మధ్యరకం లారీని ఇప్పటికీ ‘డీసీఎం’ అనే పిలుస్తారు. 1980ల్లో వచ్చిన డీసీఎం టయోటా కంపెనీ ఎప్పుడో కనుమరుగైంది, పేరు మాత్రం ఐషర్ బండికి కూడా అంటుకుపోయింది. 2005లో టాటా ఏస్ వచ్చాక ఆటో కన్నా కాస్త పెద్ద బండితో సొంత వ్యాపారం చేసుకోవడం ఎంతోమందికి సాధ్యమైంది. వాటినీ, బొలెరో పికప్‌లనూ, అశోక్ లేలాండ్ దోస్త్‌లనూ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎక్కువగా మొదటిసారి ఓనర్ అవుతున్న డ్రైవర్లే. దాచుకున్న డబ్బుతో పాటు అప్పు కూడా అందులోనే ఉంటుంది.

సరుకు బండి దగ్గర మొదట అడగాల్సింది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఏం లోడు వేశారని. గుంటూరు మిర్చి, మదనపల్లె టమాటా వేసిన బండికి బరువు దెబ్బ ఉండొచ్చు కానీ చట్రానికి పెద్దగా హాని ఉండదు. గోదావరి జిల్లాల్లో చేపలు, రొయ్యలు మోసిన బండి అలా కాదు. కరిగిన ఐసు, ఉప్పు నీళ్లు రాత్రంతా కారుతూ చట్రం సందుల్లోకి దిగుతాయి. పైకి కొత్త రంగు మెరుస్తుంటుంది, లోపల రేకు పొరలుగా లేచిపోతుంటుంది. ఎరువుల బస్తాలు మోసినా ఇంచుమించు అదే పరిస్థితి. కింద పడుకుని టార్చ్ లైటుతో చట్రం మొత్తం చూడాల్సిందే. చిన్న సుత్తితో తట్టితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొత్తుగా మోగుతుంది.

రెండోది ఓవర్‌లోడ్. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. తీసివేస్తే ఎంత సరుకు వేయాలో వస్తుంది. దానికి రెట్టింపు వేసిన బండి గుర్తులు దాగవు. వెనక కమాన్ పట్టీలు వంపు పోయి తిన్నగా అయిపోతాయి, లేదా కంపెనీ ఇచ్చినవాటికి అదనంగా పట్టీలు వేసి ఉంటాయి. చట్రానికి పక్కన ఇనుప ప్లేటు పెట్టి వెల్డింగ్ చేసి ఉంటే అది ఒకసారి విరగబోయిందని లేదా విరిగిందని అనుకోవాలి. వెనక టైర్లు లోపలి అంచున ఎక్కువగా అరిగితే ఇరుసు వంగి ఉండొచ్చు. తొట్టి పొడవు పెంచారా అన్నది ఆర్‌సీతో పోల్చుకోవాలి, లేదంటే ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లినప్పుడు కొత్త ఓనర్ ఇరుక్కుంటాడు.

ఫిట్‌నెస్ అంటే గుర్తొచ్చింది. ట్రాన్స్‌పోర్ట్ బండికి 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి ఎఫ్‌సీ, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఏడున్నరేళ్ల బండి చవగ్గా దొరుకుతోందంటే అందులో ఇది కూడా ఓ కారణం. ప్రతి ఏటా ఎఫ్‌సీకి ముందు పెయింటు, టింకరింగ్, బ్రేకుల పని.. వాటితోపాటు బండి తిరగని రోజులు. కిరాయి పోయిన ఆ రోజులను కూడా బండి ధరలో కలుపుకోవాలి.

రీసేల్ ఎక్కువ ఉంటే లాభమేనా?

ఇది అందరూ చెప్పే మాట. కానీ లెక్క వేసి చూస్తే అందరికీ వర్తించదు. ఉదాహరణకు రెండు పాత సెవెన్ సీటర్లు ఉన్నాయనుకుందాం. అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే.

మొదటిది పేరున్న బండి, ధర 11 లక్షలు. నాలుగేళ్ల తర్వాత 7.5 లక్షలకు అమ్ముడవుతుంది. రెండోది అంత పేరు లేనిది, 7 లక్షలు. నాలుగేళ్లకు 3.5 లక్షలు వస్తాయి. రెండింట్లోనూ పోయేది 3.5 లక్షలే. మొదటిదానికి అదనంగా పెట్టిన 4 లక్షలు 13 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోను తెస్తే వడ్డీ దాదాపు 1.15 లక్షలు. మొదటి బండి లీటరుకు 12 కిలోమీటర్లు, రెండోది 10 ఇస్తుంది. డీజిల్ లీటరు రూ.100 అనుకుందాం.

ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగితే నాలుగేళ్లకు 60 వేలు. మొదటి బండికి డీజిల్ 5 లక్షలు, రిపేర్లు 1.2 లక్షలు అనుకుంటే మొత్తం 10.85 లక్షలు, అంటే కిలోమీటరుకు సుమారు రూ.18. రెండో బండికి డీజిల్ 6 లక్షలు, రిపేర్లు 2.5 లక్షలు, మొత్తం 12 లక్షలు.. కిలోమీటరుకు రూ.20. పేరున్న బండే గెలిచింది.

అదే ఏడాదికి 5 వేలే తిరిగితే? నాలుగేళ్లకు 20 వేల కిలోమీటర్లు. మొదటిదానికి డీజిల్ 1.67 లక్షలు, రిపేర్లు 70 వేలు, వడ్డీ, తరుగుదల కలిపి 7 లక్షలు దాటుతుంది. రెండోదానికి డీజిల్ 2 లక్షలు, రిపేర్లు 1.2 లక్షలు కలిపినా 6.7 లక్షలే. లెక్క తిరగబడింది! ట్యాక్సీ నడిపే వ్యక్తికి ఇన్నోవా సరైన సలహా కావచ్చు, పండగలకు మాత్రమే బయటికి తీసే కుటుంబానికి అదే సలహా నష్టం కావచ్చు. ఎవరి కిలోమీటర్లు వాళ్లు వేసుకుని చూసుకోవాల్సిందే.

ధర మాట్లాడేటప్పుడు ఇంకో ఆయుధం ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. పెద్ద ఎస్‌యూవీలపై సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 శాతానికి, సరుకు రవాణా బండ్లపై 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా దిగాలి కదా. అమ్మేవాళ్లు పాత షోరూం ధర చూపించి బేరమాడితే, ఇప్పటి ఆన్‌రోడ్ ధర తెలుసుకుని మాట్లాడాలి.

కాగితాల దగ్గర తొందర వద్దు

బండి నచ్చాక చాలామంది ఇక్కడే తడబడతారు. ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీద, ఆర్‌సీలో ఒకటేనా అని అక్షరం అక్షరం చూడాలి. పెండింగ్ చలాన్లు, సరుకు బండికైతే పన్ను బకాయిలు, పర్మిట్ గడువు అన్నీ ఆన్‌లైన్‌లోనే తెలుస్తాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి ఏదైనా రీకాల్ పెండింగ్‌లో ఉందేమో కూడా చూసుకోవచ్చు. రీకాల్ రిపేరు ఉచితమే.

ఢిల్లీ నంబర్ బండ్లు చవగ్గా కనిపిస్తాయి. అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లపై 2015లో ఎన్‌జీటీ, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టడంతో చాలా బండ్లు ఇతర రాష్ట్రాలకు తరలుతున్నాయి. అయితే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో ముందే లెక్కేసుకోవాలి. ఆంధ్రా బండి తెలంగాణకు తెచ్చుకున్నా, అటు నుంచి ఇటు అయినా ఎన్‌ఓసీ మామూలే.

ఇక అమ్మేవాళ్లకు అసలు భయం ఉండాల్సిన విషయం ఇది. 2007లో అమ్మేసిన ఓ కారు చేతులు మారుతూ వెళ్లి 2009లో ప్రమాదం చేసింది. ఆర్‌సీ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే ఉండిపోయింది. 2018లో సుప్రీంకోర్టు తేల్చింది ఏంటంటే, రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్, పరిహారం బాధ్యత కూడా వాళ్లదే అని. ‘ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేయండి సార్, మేం చూసుకుంటాం’ అని బ్రోకర్ అన్నప్పుడు ఈ కేసు గుర్తుకు రావాలి. 2023 ఏప్రిల్ నుంచి రిజిస్టర్ అయిన డీలర్‌కి బండి అప్పగిస్తే, ఆ సమాచారం పోర్టల్‌లో నమోదు చేశాక బాధ్యత డీలర్‌దే అవుతుంది. అందుకే అధికారిక నమోదు ఉన్న డీలరేనా అని అడగడం ఇద్దరికీ మంచిది.

అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ పేరు మీదకు మార్చుకోవాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో తమ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి, లేదంటే సొంత బండి డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర కొర్రీ పడుతుంది. బండి తీసుకునే రోజు డెలివరీ నోట్ మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయించుకోండి. మీటర్ రీడింగ్ ఎంతుందో అందులోనే వేయించి, ఇద్దరూ సంతకం చేశాకే తాళాలు తీసుకోండి.